బగ్గులున్నాయని తెలిసీ గేమ్ వదిలేసి, తర్వాత ప్యాచ్ ఇవ్వడం: ఒప్పుకుందామా?

సేవ్‌పోయినోడు

కొత్త గేమ్ ఏదైనా వచ్చిందంటే మొదటి వారం అందరూ అడిగేది ఒకటే. కథ బాగుందా, ఫైటింగ్ బాగుందా అని కాదు. "ప్యాచ్ పడిందా? ఇప్పుడు కొనొచ్చా?" అని. (ప్యాచ్ అంటే గేమ్‌లో బగ్గులు, అంటే లోపాలు, సరిచేసే అప్‌డేట్.)

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. గేమ్ పేరు రాయను, రాస్తే టాపిక్ అటు పోతుంది. చివరి అధ్యాయంలో ఉండగా, సరిగ్గా ఆటోసేవ్ గుర్తు తిరుగుతున్న క్షణంలో క్రాష్ అయింది. మళ్లీ తెరిస్తే "సేవ్ డేటా పాడైంది" అని మెసేజ్. సపోర్ట్ వాళ్లకు రాస్తే "ఈ సమస్య మాకు ముందే తెలుసు, వచ్చే ప్యాచ్‌లో సరిచేస్తున్నాం" అన్నారు. అన్నట్టే సరిచేశారు కూడా. కానీ ఆ ప్యాచ్ ఇకమీద ఆడేవాళ్లకి. పోయిన నా సేవ్ పోయినట్టే.

ముందే తెలిస్తే ఎందుకు అమ్మారు అన్నదే నా మంట. బగ్గులు లేని గేమ్ ఉండదని నాకూ తెలుసు, ఆ పాఠం వద్దు. తెలిసిన బగ్గుతో అమ్మడం గురించి చెప్పండి.

పాత క్యాట్రిడ్జ్

ఇందులో చర్చించడానికి ఏముంది? వదలకూడదు. గేములు క్యాట్రిడ్జ్ అనే ప్లాస్టిక్ డబ్బీల్లో వచ్చిన కాలంలో ఫ్యాక్టరీ గేటు దాటిందంటే ఇక చెయ్యి పెట్టే వీలు లేదు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాళ్లు. ఇంటర్నెట్ వచ్చాక ఆ భయం పోయింది, "తర్వాత చూసుకుందాంలే" అనే జబ్బు పట్టుకుంది. తలుపులు బిగించకుండా ఇల్లు అమ్మేసి, మీరు కాపురం పెట్టాక ఒక్కో తలుపూ పంపిస్తాం అంటే ఊరుకుంటామా?

బగ్‌వేట

పాత క్యాట్రిడ్జ్ గారూ, ఆ కాలం మరీ అంత బంగారు కాలమేం కాదండీ. (నేను గేమ్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ముందే చెప్పేస్తున్నా, లేకపోతే తర్వాత "నువ్వు వాళ్ల మనిషివి" అంటారు.)

1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో 256వ లెవెల్‌కి వెళ్తే స్క్రీన్ కుడి సగమంతా పిచ్చి గుర్తులతో నిండిపోతుంది. లెవెల్ నంబర్‌కి ఒక్క బైట్ కేటాయించారు, అది పట్టక తన్నేసింది. దాన్ని దాటలేం. మొదటి తరం పోకెమాన్‌లో మిస్సింగ్‌నో అనే బగ్గు సంగతి తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. 1998 నాటి ఆకరీనా ఆఫ్ టైమ్‌లో కొన్ని లోపాలను తర్వాత తయారైన క్యాట్రిడ్జ్‌లలో చడీచప్పుడు లేకుండా దిద్దారు. మొదట కొన్నవాడికి ఆ దిద్దుబాటు అందే దారే లేదు. బగ్గులు అప్పుడూ ఉన్నాయి. ప్యాచ్‌లే లేవు.

ఇంకో ఘోరం. 1998 చివర్లో బంగీ వాళ్ల మిత్ 2 డిస్కులు తయారైపోయాక ఒక విషయం బయటపడింది. ఎవరైనా గేమ్‌ని ఫోల్డర్ లేకుండా నేరుగా డ్రైవ్ మొదట్లో ఇన్‌స్టాల్ చేసుకుంటే, అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టేస్తుంది. డిస్కులన్నీ వెనక్కి తెప్పించారు.

పాత క్యాట్రిడ్జ్

నేను చెప్పేదీ అదే కదా! వెనక్కి తెప్పించారు. చేతి డబ్బు వదిలినా సరే తెప్పించారు. ఇప్పుడైతే అమ్మకాలు ఆపకుండా "అప్‌డేట్ వేసుకోండి" అని ఒక ముక్క రాసి చేతులు దులిపేసుకుంటారు. పైగా ప్యాక్‌మ్యాన్ 256వ లెవెల్ దాకా వెళ్లేది ఎవరండీ? ఇప్పటి గేముల్లో మొదటి పది నిమిషాల్లోనే హీరో నేలలో మోకాళ్ల దాకా కూరుకుపోతున్నాడు.

రాత్రి పన్నెండు

సైబర్‌పంక్ 2077 పేరు ఎత్తకుండా ఈ టాపిక్ ఎంతసేపు నడుస్తుందో చూద్దామనుకున్నా. ఇక ఆగలేను.

2020 డిసెంబర్ 10న రిలీజ్. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచి తీసేసింది, 2021 జూన్ దాకా మళ్లీ పెట్టలేదు. కానీ నన్ను కుదిపేసింది బగ్గులు కాదు. రిలీజుకు ముందు రివ్యూ రాసేవాళ్లకు పీసీ కాపీలే ఇచ్చారు, వాళ్లు సొంతంగా రికార్డ్ చేసిన వీడియో చూపించడానికి ఒప్పుకోలేదు. పీఎస్4లో (సోనీ ప్లేస్టేషన్ 4) ఎలా నడుస్తుందో కొన్నవాడికి కొన్నాకే తెలిసింది. అది బగ్గు కాదు గురూ, దాచడం.

2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక నేను మొదటి నుంచి ఆడాను. చాలా గొప్ప గేమ్. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలను, నాకేం ఇబ్బంది లేదు.

పిక్సెల్ పాప

ఈ "చివరికి బాగైంది కదా" కథలే మన కొంప ముంచుతున్నాయి. ఎప్పుడు చూసినా అవే మూడు పేర్లు: సైబర్‌పంక్, నో మ్యాన్స్ స్కై, ఫైనల్ ఫ్యాంటసీ 14. అందులో మూడోదాన్ని ప్యాచ్ చేశారనడం కూడా తప్పే. 2010లో వచ్చిన దాన్ని 2012 నవంబర్‌లో మూసేసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి తెచ్చారు.

బాగుపడనివి ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆంథెమ్ 2019 ఫిబ్రవరిలో వచ్చింది. పూర్తిగా మార్చి ఇస్తామన్నారు, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశామన్నారు. రెడ్‌ఫాల్ 2023 మేలో వచ్చింది. ఎక్స్‌బాక్స్‌లో సెకనుకు 60 ఫ్రేములతో నడిచే మోడ్ రిలీజ్ నాటికి సిద్ధం కాలేదు, అక్టోబర్‌లో ఇచ్చారు. 2024 మేలో ఆ స్టూడియోనే మూసేశారు. ముందే డబ్బు కట్టినవాళ్లకు రావాల్సిన అదనపు పాత్రలు రానే లేదు.

ప్యాచ్ ఇస్తామనేది అప్పు. అప్పు తీసుకున్నవాడు రేపు ఉంటాడో లేదో ఎవరికి తెలుసు?

లాగ్ మామ

మనం బీటా టెస్టర్లం. తేడా ఏంటంటే టెస్టర్లకి జీతం ఇస్తారు, మన దగ్గర తీసుకుంటారు.

బగ్‌వేట

లాగ్ మామా, జీతం సంగతి ఎత్తకు, అది వేరే ఏడుపు.

తెలిసీ ఎలా వదులుతారు అని మొదటి పోస్టులో అడిగారు కాబట్టి లోపల జరిగేది చెప్తాను. ప్రతి బగ్గుకీ ఒక స్థాయి పెడతాం. గేమ్ క్రాష్ అవడం, సేవ్ పోవడం, కథ ముందుకు కదలకపోవడం పై స్థాయి. గోడ మీద నీడ తప్పుగా పడటం కింది స్థాయి. రిలీజ్ దగ్గరపడే కొద్దీ రోజూ మీటింగులు. ఒక్కో బగ్గు తీసి "ఇది సరిచేద్దామా, ఇలాగే వదిలేద్దామా" అని తేలుస్తారు. వదిలేద్దాం అన్నవాటికి ముద్ర వేసి పక్కన పెడతారు. బయటివాళ్లకి వినడానికి ఘోరంగా ఉంటుంది. కానీ చివరి వారంలో ఒక నీడ సరిచేయబోయి తలుపు తెరుచుకోకుండా పోయిన సందర్భాలు కోకొల్లలు. ఆ సమయంలో కోడ్ ముట్టుకోవడమే ప్రమాదం.

ఆ తర్వాత కన్సోల్ కంపెనీ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి మెషీన్లు చేసేవాళ్ల) పరీక్ష ఉంటుంది. చాలామంది దాన్ని "గేమ్ బాగుంది" అని ఇచ్చే సర్టిఫికెట్ అనుకుంటారు. కాదు. కంట్రోలర్ ఊడిపోతే గేమ్ ఆగుతుందా, స్టోరేజ్ నిండితే మెసేజ్ వస్తుందా, ఇలాంటి సవాలక్ష నియమాలు పాటించారా లేదా అన్నదే ఎక్కువగా చూస్తారు. డిస్కుకి మాస్టర్ కాపీ పంపాక షాపుకి చేరడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో మేం ఖాళీగా కూర్చోం కదా. అలా సరిచేసినవే రిలీజ్ రోజే వచ్చే డే వన్ ప్యాచ్. అది బద్ధకం కాదు, ఆ ఖాళీ సమయాన్ని వాడుకోవడం.

ఇంకో లెక్క. 50 మంది టెస్టర్లు రోజుకి 8 గంటల చొప్పున 250 రోజులు ఆడారనుకోండి. మొత్తం 1,00,000 గంటలు. రిలీజ్ రోజు లక్ష మంది కొంటే మొదటి గంటలోనే అన్ని గంటల ఆట అయిపోతుంది. పీసీలో అయితే ఒక్కొక్కరిది ఒక్కో గ్రాఫిక్స్ కార్డు, ఒక్కో డ్రైవర్. మాకు దొరకనిది మీకు దొరుకుతుంది, తప్పదు.

పాత క్యాట్రిడ్జ్

లెక్క బాగుంది. కానీ టోనీ హాక్ ప్రో స్కేటర్ 5 సంగతేంటి? 2015లో డిస్కు మీద 4.6 జీబీ, డే వన్ ప్యాచ్ 7.7 జీబీ. ప్యాచ్ లేకుండా డిస్కులో ఆడటానికి దొరికేది ట్యుటోరియల్, పార్కు కట్టుకునే మోడ్, అంతే. ఖాళీ వారాల్లో నీడలు సరిచేస్తే ప్యాచ్ అవుతుంది. గేమ్ మొత్తం ఆ వారాల్లో చేస్తే దాన్నేమంటారు?

బగ్‌వేట

దాన్ని నేను వెనకేసుకు రాలేను.

ఒంటరి కోడర్

నాది చిన్న గేమ్. కోడ్ నాదే, బొమ్మలు నావే, టెస్టింగ్ కూడా సగం నాదే. ప్యాచ్‌లు లేని లోకం కావాలనేవాళ్లు పెద్ద కంపెనీల మీద కోపంతో మాలాంటివాళ్ల గొంతు కోస్తున్నారు. ఆ లోకం ఎలా ఉంటుందో ఎక్స్‌బాక్స్ 360లో చూశాం.

ఫెజ్ గుర్తుందా? 2012లో దానికొక ప్యాచ్ ఇచ్చారు, చాలా సమస్యలు తీరాయి గానీ కొద్దిమందికి సేవ్‌లు పాడయ్యాయి. దాన్ని సరిచేసి ఇంకో ప్యాచ్ పెట్టాలంటే మైక్రోసాఫ్ట్‌కి మళ్లీ పరీక్ష ఫీజు కట్టాలి. పదుల వేల డాలర్లు అవుతుందని చెప్పి, దెబ్బతిన్నది ఒక శాతం కన్నా తక్కువ మందే కాబట్టి ఆ ప్యాచ్‌నే అలా ఉంచేశారు. 2013లో మైక్రోసాఫ్ట్ ఆ ఫీజు ఎత్తేశాక గానీ సరిచేసే పని మళ్లీ మొదలవలేదు. ప్యాచ్ ఖరీదైతే బగ్గులు తగ్గవు. బగ్గులు అలాగే ఉండిపోతాయి.

ఇక ఎర్లీ యాక్సెస్, అంటే పూర్తికాని గేమ్‌ని అలా అని చెప్పే అమ్మడం. పీసీ గేములమ్మే స్టీమ్ స్టోర్‌లో 2013లో మొదలైంది. బల్దూర్స్ గేట్ 3 అంతటిది 2020 అక్టోబర్‌లో అసంపూర్తిగానే అమ్మకానికి వచ్చి, 2023 ఆగస్టులో పూర్తయింది. దాన్ని ఎవరూ మోసం అనలేదు.

సేవ్‌పోయినోడు

కోడర్ అన్నా, అనలేదు ఎందుకంటే కొనేముందే "ఇది పూర్తి కాలేదు" అని పేజీ మీదే రాసి ఉంటుంది. నచ్చితే కొంటాం, లేకపోతే ఆగుతాం. నన్ను మండించింది పూర్తయింది అని చెప్పి పూర్తి ధర తీసుకున్నవాళ్లు.

బగ్‌వేట గారూ, ఒక డౌట్. సేవ్ పోవడం పై స్థాయి బగ్గు అన్నారు కదా. మరి అలాంటిది తెలిసీ ఎలా బయటికి వస్తుంది?

బగ్‌వేట

మీ గేమ్ సంగతి నాకు తెలియదు. మామూలుగా జరిగేది ఇది: "ఎప్పుడో ఒకసారి వస్తోంది, మళ్లీ రప్పించలేకపోతున్నాం" అనే బగ్గు. రప్పించలేకపోతే కోడ్ రాసేవాళ్లు ఎక్కడ వెతకాలి? రిపోర్టు తెరిచే ఉంటుంది, తారీఖు వచ్చేస్తుంది. అందుకే "ముందే తెలుసు" అని ఉంటారు.

అయితే సేవ్ విషయంలో ఆ సాకు నేను ఒప్పుకోను. దానికి ముందుజాగ్రత్త ఎప్పటి నుంచో ఉంది.

ఒంటరి కోడర్

అవును, అది చెప్పాల్సిందే. పాత సేవ్ ఫైల్ మీదే కొత్తది రాయకూడదు. ముందు పక్కన ఇంకో తాత్కాలిక ఫైల్‌లో రాయాలి, మొత్తం సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి, ఆ తర్వాతే పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి. మధ్యలో కరెంటు పోయినా, గేమ్ క్రాష్ అయినా, పాతది చెక్కుచెదరదు. దానికి తోడు వెనకటి రెండు మూడు ఆటోసేవ్‌లు ఉంచితే చాలు. నాలాంటి ఒంటిగాడే ఈ పని చేయగలిగితే వందలమంది ఉన్న స్టూడియోకి కష్టమేముంది?

క్లౌడ్ సేవ్ (కంపెనీ సర్వర్‌లో ఉండే కాపీ) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. పాడైన ఫైల్‌ని అది అంతే శ్రద్ధగా పైకి ఎక్కించేస్తుంది.

రాత్రి పన్నెండు

ఈ టాపిక్‌లో ఇప్పటిదాకా పనికొచ్చిన పోస్ట్ ఇదే. నాది కూడా కలిపి.

స్పీడ్‌రన్ సీను

అందరూ బగ్గుల్ని తిడుతున్నారు, నేను కాస్త వాటి తరఫున మాట్లాడతా. స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గే కొద్దీ మిగిలినవి వేగం పెంచుకుంటాయి కదా, గుండె దడదడలాడేది అక్కడే. అది ముందు అనుకుని పెట్టింది కాదు. స్క్రీన్ మీద గీయాల్సినవి తగ్గడంతో 1978 నాటి ఆ హార్డ్‌వేర్‌కి బరువు తగ్గి, ఆటే వేగంగా నడిచింది. స్ట్రీట్ ఫైటర్ 2లో కాంబోలు (తప్పించుకోలేని వరుస దెబ్బలు) కూడా అనుకోకుండా పడ్డవే. తయారుచేస్తుండగా కంటపడితే తీసేయకుండా ఉంచారు. ఈ రోజు ఫైటింగ్ గేమ్ అంటేనే కాంబో.

మా స్పీడ్‌రన్ వాళ్లకి (గేమ్‌ని వీలైనంత వేగంగా ముగించేవాళ్లకి) ఆటో అప్‌డేట్ అంటే టెన్షన్. వెర్షన్ మారితే ఎన్నాళ్లో సాధన చేసిన ట్రిక్ మర్నాటికి ఉండదు. 2023లో జెల్డా గేమ్ టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ వచ్చిన నెలలోనే, వస్తువుల్ని రెట్టింపు చేసే ట్రిక్కుల్ని అప్‌డేట్‌తో మూసేశారు. నేను ఒంటరిగా ఆడే గేమ్‌లో నేను వజ్రాలు రెట్టింపు చేసుకుంటే ఎవరికి నష్టం?

పిక్సెల్ పాప

సీనూ, ఆ గేమ్‌నే ఎదురు ఉదాహరణగా తెద్దామనుకుంటున్నా. 2022లో రావాల్సింది, 2023 మేకి జరిపారు. అన్నిటినీ అన్నిటికీ అతికించగలిగే ఫిజిక్స్ పెట్టి కూడా, రిలీజ్ రోజు నుంచే ఆడుకునేలా ఇచ్చారు. ఆగితే అవుతుందనడానికి అంతకన్నా ఏం కావాలి?

లాగ్ మామ

ఆలస్యమైన గేమ్ చివరికి బాగుంటుంది, తొందరపడ్డ గేమ్ ఎప్పటికీ చెడ్డదే. నింటెండో మియామోతో గారి మాట.

రాత్రి పన్నెండు

మామా, ఆయన అన్నట్టు ఆధారం ఎక్కడా దొరకలేదు. ఎవరో అన్నది ఆయన ఖాతాలో పడింది. పైగా ఆ "ఎప్పటికీ" అనేది ప్యాచ్‌లు లేని రోజుల మాట.

నీ మాటకి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఎలియన్స్: కలోనియల్ మెరైన్స్ ఏళ్ల తరబడి సాగి 2013లో వచ్చింది, అయినా శత్రువులు మొద్దుల్లా ఉన్నారని అందరూ తిట్టారు. 2018లో అందరికీ తెలిసిందేంటంటే, సెట్టింగుల ఫైల్‌లో ఒక లైన్‌లో "టెథర్" అనే పదంలో ఒక అక్షరం ఎక్కువ పడింది. ఆ పేరుతో ఏదీ లేదు కాబట్టి శత్రువుల కదలికలకు సంబంధించిన ఆ ఆదేశం అందనే లేదు. కనిపెట్టింది కంపెనీ కాదు, ఒక మాడర్ (గేమ్ ఫైళ్లను సొంతంగా మార్చుకునే ఆటగాడు). ఒక్క అక్షరం చెరిపితే శత్రువులు కాస్త తెలివిగా చుట్టుముట్టడం మొదలుపెట్టారు. ప్యాచ్ ఇచ్చే వీలు ఉండటం వేరు, ఇవ్వాలని వెతకడం వేరు.

ఒంటరి కోడర్

జీటీఏ ఆన్‌లైన్‌దీ అదే తంతు. 2013 నుంచి లోడింగ్‌కి నిమిషాలకు నిమిషాలు పట్టేది. 2021లో ఒక ఆటగాడు విసుగెత్తి విప్పి చూశాడు. స్టోర్‌లో అమ్మే వస్తువుల జాబితా దాదాపు 10 మెగాబైట్ల ఫైల్. దాన్ని చదివేటప్పుడు ఒక్కో ముక్కకీ ఆ ఫైల్ పొడవు ఎంతో చివరిదాకా మళ్లీ లెక్కపెడుతోంది. పైగా ప్రతి వస్తువు చేర్చే ముందూ అంతకుముందు చేర్చిన 63 వేల దాకా వస్తువుల్ని ఒక్కొక్కటిగా పోల్చి చూస్తోంది. ఆ రెండూ సరిచేస్తే అతని మెషీన్‌లో లోడింగ్ సమయం సుమారు 70 శాతం తగ్గింది. గేమ్ చేసిన రాక్‌స్టార్ ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చింది, అతనికి 10,000 డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది. డబ్బు తెచ్చే ఫైలే గేమ్‌ని ఆలస్యం చేస్తోందంటే నవ్వాలో ఏడవాలో.

మోడరేటర్

చర్చ బాగుంది. ఒక పోస్ట్ తీసేశాం, అందులో ఒక డెవలపర్ పేరు పెట్టి తిట్లు రాశారు. తారీఖు నిర్ణయించేది కోడ్ రాసేవాళ్లు కాదు. ఎంత కోపమైనా కంపెనీని అనండి, మనుషుల్ని వదిలేయండి.

సేవ్‌పోయినోడు

సరే, తారీఖు నిర్ణయించేవాళ్లని ఎలా కదిలించాలి? కొనకుండా ఉంటే దారికొస్తారా?

పిక్సెల్ పాప

రారు. పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ 2022 నవంబర్‌లో ఎన్ని బగ్గులతో వచ్చాయో చూశాం. మొదటి మూడు రోజుల్లో కోటి కాపీలు పోయాయి. ఆ లెక్క చూశాక ఏ కంపెనీ ఆగుతుంది?

నా దృష్టిలో కదిలించేది రీఫండ్. స్టీమ్‌లో 2015 జూన్‌లో ఆ పద్ధతి వచ్చింది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపు అయితే డబ్బు వెనక్కి. అదే నెలలో ఆర్కమ్ నైట్ పీసీ వెర్షన్ బగ్గులతో వచ్చింది. రోజుల్లోనే అమ్మకాలు ఆపేసి, అక్టోబర్ చివర్లో గానీ మళ్లీ పెట్టలేదు. ఆ రెండింటికీ సంబంధం లేదంటే నేను నమ్మను.

లాగ్ మామ

ఆ 2 గంటల్లోనూ మెలిక ఉంది. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు మొదటిసారి తెరవగానే షేడర్లు (తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసుకుంటూ కూర్చుంది. కొంతమందికి గంట దాటింది. మెనూలో ఖాళీగా కూర్చున్నా స్టీమ్ లెక్కలో అది ఆడిన సమయమే. గేమ్ మొదలయ్యేసరికి రీఫండ్ గడువు సగం ఆవిరి.

బగ్‌వేట

రీఫండ్‌తో పాటు, ఫలానా సమయం దాకా రివ్యూలు బయటపెట్టొద్దనే నిషేధం కూడా చూడండి. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అమ్మకానికి వచ్చిన చాలా గంటల తర్వాత గానీ రివ్యూలు బయటపెట్టనివ్వలేదు. బగ్గు వల్ల ముఖాల్లేకుండా కనిపించిన మనుషుల బొమ్మలు అప్పటికే ఆటగాళ్లే పెట్టేశారు. లోపలివాడిగా చెప్తున్నా: రిలీజ్ రోజు దాకా రివ్యూ ఆపారంటే, మా రిపోర్టుల్లో ఏముందో పైవాళ్లకి తెలుసన్నమాట. ఇక నుంచి అది చూసి కొనండి.

ఒంటరి కోడర్

నావైపు నుంచి ఒక్క కోరిక. తెలిసిన బగ్గుల జాబితా రిలీజ్ రోజే స్టోర్ పేజీలో పెట్టడం తప్పనిసరి చేయాలి. నేను పెడతాను. అమ్మకాలేం పడిపోలేదు. పైగా "ఇది మీ జాబితాలో లేదు" అని జనమే కొత్తవి వెతికి పంపిస్తున్నారు.

పాత క్యాట్రిడ్జ్

కోడర్ బాబూ, అలా చేస్తే నాకేం అభ్యంతరం లేదు. నీలా ఎంతమంది ఉన్నారన్నదే అనుమానం.

నాకింకో బెంగ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. సర్వర్లు మూసేశాక ఈ ప్యాచ్‌లు ఎక్కడి నుంచి వస్తాయి? నింటెండో పాత కన్సోళ్లు వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ స్టోర్లలో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆపేశారు. కొన్నవి, అప్‌డేట్లు ఇప్పటికి దిగుతున్నాయి, ఎన్నాళ్లో చెప్పలేం. ఆ తలుపు కూడా మూశాక నా డిస్కులో ఉండేది మొదటి రోజు గేమే, ఆ బగ్గులన్నిటితో సహా. సైబర్‌పంక్ పీఎస్4 డిస్కు కొన్నవాడి అల్మరాలో 2.0 లేదు, 2020 డిసెంబర్ ఉంది.

స్పీడ్‌రన్ సీను

మాకు కావాల్సింది అదే వెర్షన్ అనుకోండి, అది వేరే విషయం.

పాత క్యాట్రిడ్జ్

నవ్వకు సీనూ. ఈ వారాంతం నెట్ వైరు పీకేసి నా డిస్కులన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూస్తా. ఏది మొదటి నుంచి చివరిదాకా నడుస్తుందో, ఏది "అప్‌డేట్ కావాలి" అని మొండికేస్తుందో జాబితా రాసి ఇక్కడే పెడతా.

బగ్‌వేట

వైరు పీకడం ఒక్కటే చాలదండీ. కన్సోల్‌లో ఇప్పటికే దిగి ఉన్న అప్‌డేట్లు ఉంటాయి, గేమ్ డేటా పూర్తిగా డిలీట్ చేసి డిస్కు నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. లేకపోతే ప్యాచ్ వేసిన గేమ్‌నే పరీక్షించినట్టు అవుతుంది. డిలీట్ చేసేముందు సేవ్‌లు వేరే చోటికి కాపీ చేసుకోండి. కొన్ని గేమ్‌లలో కొత్త వెర్షన్ సేవ్‌ని పాత వెర్షన్ తెరవలేదు, కాబట్టి ప్రతిదీ కొత్త సేవ్‌తోనే మొదలుపెట్టండి.

పాత క్యాట్రిడ్జ్

సరే. జాబితాలో ఏమేం రాయాలో కూడా చెప్పు, టెస్టర్లు రాసినట్టే రాస్తా.

బగ్‌వేట

డిస్కు మీద ముద్రించిన వెర్షన్, ఇన్‌స్టాల్ సైజు, మెనూ దాకా వచ్చిందా లేదా, ఎక్కడ ఆగింది, ఆగేముందు మీరు నొక్కిన బటన్. ఆ చివరిది మర్చిపోవద్దు, అందరూ అదే రాయరు.